పాత ల్యాబ్ మెకానిక్

ఇంజనీరింగ్ కాలేజీలో ఇనుప కడ్డీల బలం పరీక్షించే పాత యంత్రానికి ఆయన మెకానిక్. ముప్ఫయ్యేళ్లుగా పొద్దున్నే వచ్చి, చెప్పులు బయట విడిచి, దుమ్ము తుడిచి, చెవి ఆనించి మోటారు చప్పుడు వినేవాడు. ఆ గదిని కొత్త పరిశోధనశాలగా మారుస్తున్నారనీ, యంత్రాన్ని కోసి పారేస్తారనీ తెలిశాక ఆయనకు ముద్ద దిగలేదు. గ్యాస్ కట్టర్ వచ్చిన రోజు ఆయన ల్యాబ్ ప్రొఫెసర్ చేతులు పట్టుకున్నాడు.

"ఒక్కసారి నడిపి చూడండి సార్, ఇంకా రాయిలా ఉంది."

"నాకు తెలీదా బాబాయ్? నేను పని నేర్చుకుంది దీని మీదే. కానీ దీని అదురుకి కొత్త పరికరాలు పనిచెయ్యవు."

మొదటి నిప్పురవ్వ ఎగరగానే ఆయన అడ్డం వెళ్లాడు. "ఆగండయ్యా, కొయ్యొద్దు! నేనే విప్పుతా."

సాయంత్రానికి ఏ భాగమూ విరగకుండా విప్పాడు. ఒక్కో బోల్టుకూ నూనె రాసి, గుడ్డలో చుట్టి, పాత ఇనుము లారీలోకి ఎక్కించాడు.