ఖాసింబక్క మిరపకాయ బజ్జీ

నిన్న సాయంత్రం నంద్యాల బస్టాండు బయట బజ్జీల బండి పక్కగా నడుస్తుంటే, మిరపకాయల ఘాటు గొంతులోకి పోయి దగ్గు తెప్పించింది. ఆళ్లగడ్డ బస్సు కదలబోతోందని తెలిసీ ఆగిపోయాను. ఆ ఘాటు తగిలిందంటే నాకు ఖాసింబక్క గుర్తుకొస్తుంది. ఆమె పోయి ఏడాది దాటింది.

నంద్యాలలో భర్త ఇల్లు వదిలి, ఆళ్లగడ్డలో ఒక బడిలో టీచరుగా చేరినప్పుడు నేను అద్దెకు దిగిన గది ఆమె ఇంటి పక్కదే. వీధంతా విగ్రహాలు చెక్కే షెడ్లు. రాతి దుమ్ము తన అంగట్లోని పిండిలో పడుతోందని పొద్దున్నే శిల్పులను తిట్టేది, ఆ నోటితోనే పిలిచి వాళ్లకు బొరుగులు నానేసి చేసే ఉగ్గాని, బజ్జీ అమ్మేది. "దేవునికి నైవేద్యం ఊరోళ్లు పెడతారు గానీ, దేవున్ని చెక్కేటోనికి నేనే పెట్టల్ల" అనేది. భర్త పోయాక ఒంటరిగా బతుకుతున్న మనిషి. నోరు మాత్రం నలుగురి పెట్టు.

నా భర్త శేఖర్ చెడ్డవాడు కాదు. ఆయన కడుపుకు కారం పడదు. పెళ్లయిన కొత్తలో ఇంట్లో కారం మానేశాం. తర్వాత కబుర్లు తగ్గాయి. ఆరేళ్లు తిరిగేసరికి గ్యాసు బండ వచ్చిందా, వచ్చింది అనే వరకే మిగిలాం. ఇద్దరం ఒప్పుకునే విడాకులకు కాగితాలు పెట్టుకున్నాం. కోరుకున్నదే అయినా నాకు ముద్ద దిగేది కాదు. మా అమ్మ ఫోను ఎత్తడం మానేసింది. నేనేదో నేరం చేసినట్టే తిరిగేదాన్ని.

మూడో రోజో నాలుగో రోజో ఖాసింబక్క గుమ్మంలో నిలబడింది. "ఏం పాపా, నీ ఇంట్లో తిరగమాత వాసనే లేదు. యాడ తింటాండావ్?"

"ఆకలి లేదక్కా."

"ఆకలి లేకుంటే పోనీ, చేతులుండాయి గదా. రా."

ఒక బుట్టెడు బొరుగులు, గంగాళం నిండా నీళ్లు నా ముందు పెట్టింది. బొరుగులన్నీ ఒకేసారి నీళ్లలో పోసి, అలా చూస్తూ కూర్చున్నాను. తేరుకునేసరికి అంతా గంజి.

"బొరుగులు నీళ్లలో ఏసినాక మొగుని గురించి ఆలోచన చేయగూడదు పాపా. ముంచల్ల, పిండల్ల, తీయల్ల. అంతే!"

నెలల తర్వాత మొదటిసారి పగలబడి నవ్వాను. ఆమె ఆ గంజిలోనే శనగపిండి, ఉల్లిపాయలు కలిపి బోండాలు వేసి, కొత్త రకమని చెప్పి శిల్పులకు అమ్మేసింది. నాకు మాత్రం వేడి వేడి మిరపకాయ బజ్జీ పెట్టింది. ఆరేళ్లుగా కారం మరిచిన నాలుక. బొటబొటా కన్నీళ్లు కారాయి. ఎంతకీ ఆగలేదు.

"కారానికేనా?" అంది.

"కారానికే."

"అట్లయితే ఇంకోటి తిను."

ఆ తర్వాత రోజూ బడి నుంచి రాగానే అదే ప్రశ్న, అదే జవాబు. నా ఏడుపంతా అలా బజ్జీల మీద పెట్టి ఏడ్చేశాను. ఆమె ఒక్కసారి కూడా నిజం చెప్పమనలేదు.

నంద్యాల కోర్టులో ఆఖరి వాయిదా రోజు అంగడి మూసి, బజ్జీల క్యారియర్ పట్టుకుని నాతో వచ్చింది. వరండాలో మూత తీస్తే నాకేమీ సయించలేదు. ఎదురుగా బల్ల మీద శేఖర్ ఒక్కడే కూర్చున్నాడు, చిక్కిపోయి.

"ఏమప్పా, పొద్దున ఏమన్నా తిన్నావా?" అని కేకేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, ఆయనకు కారం పడదు" అన్నాను మెల్లగా.

"ఆయప్ప నోరు ఆయప్పది. నీకేం?"

శేఖర్ వచ్చి ఒక బజ్జీ తీసుకుని, నావైపు చూడకుండా తిన్నాడు. అంతలోనే మా పేర్లు పిలిచారు. జడ్జిగారి ముందు నిలబడేసరికి ఆయన కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"బాబూ, మనసు మారిందా? మళ్లీ ఆలోచించుకుంటానంటే వాయిదా వేస్తాను" అన్నారు జడ్జిగారు.

ఇంకో వాయిదా అంటే నేను తట్టుకోలేను. ఆయన ఊ అంటే చాలు, అంతా మొదటికొస్తుంది.

శేఖర్ చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఏడుపు కాదు సార్. బయట మిరపకాయ బజ్జీ తిన్నా. నాకు కారం పడదు."

కోర్టు హాలంతా నవ్వింది. జడ్జిగారూ నవ్వారు. నేనూ నవ్వాను. కాసేపట్లో అంతా అయిపోయింది.

తిరుగు బస్సులో ఇంకా ఆ నవ్వే. ఖాసింబక్క క్యారియర్ నా ఒళ్లో పెట్టి, "ఇప్పుడన్నా తిను" అంది. బజ్జీ కొరికాను. మళ్లీ కొరికాను. చిన్నపిల్లలు కూడా తినేంత చప్పగా ఉంది.

"కారమే లేదేందక్కా?"

"యాడుంటాది? గింజలన్నీ తీసి చింతపండు పూసినా. కోర్టు దినం నీ కడుపు మండగూడదని..." అంటూ, శేఖర్ బజ్జీ తీసుకున్న ఆ క్యారియర్‌లోకే చూసింది. "తిను పాపా" అంది, అంతే.

నేను వెనక్కి వెళ్లలేదు, వెళ్లలేదన్న బాధా లేదు. కానీ శేఖర్ మీద ఉన్న కోపం ఆ బస్సులోనే పోయింది. ఆయన గురించి ఎవరు చెడ్డగా మాట్లాడినా ఊరుకోను. ఇప్పటికీ నా దగ్గరికి ఎవరైనా తడి కళ్లతో వస్తే కారణం అడగను. తినడానికి ఏదో ఒకటి పెట్టి, వాళ్లు ఏం చెబితే అది నమ్ముతాను.

నిన్న బస్సు వెళ్లిపోయింది. బండి పక్కనే నిలబడి బజ్జీ తింటుంటే, బండి ఆయన నా మొహం చూసి కంగారుపడ్డాడు. "ఏందమ్మా, కారమెక్కువైందా?"

"కారానికేనప్పా" అన్నాను. "ఇంకోటి పెట్టు."