బర్రెల కొట్టంలో గాజు ల్యాంపు

పెద్దమ్మ పోయింది. మొన్న సోమవారం పొద్దున పాలు పిండుతూ పిండుతూ పక్కకి ఒరిగిపోయిందట. ఆమె కోడలు మా స్కూలుకే వచ్చి, స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట చెప్పింది. పదో తరగతికి వ్యాకరణం చెప్పాల్సిన గంట అది. ఎవరికీ చెప్పకుండా ఆ అమ్మాయితో ఆటో ఎక్కేశాను.

ఆమెకీ నాకూ రక్తసంబంధం లేదు. కిషన్‌బాగ్‌లో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు. డెబ్బైల మొదట్లో పెళ్లయి కోస్తా నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో "పిన్నిగారూ" అని పిలిస్తే, "గారు గీరు నాకెందుకే, పెద్దమ్మ అను" అంది. భర్త లేని మనిషి. పెరటి కొట్టంలో బర్రెలను పెట్టుకుని బతికేది. చెయ్యి ముందు, మాట తర్వాత. పాలల్లో నీళ్లు కలుపుతున్నావన్న హోటలతన్ని అందరి ముందూ పాల కొలతతో నెత్తిన మొత్తింది. ఎదిగిన కొడుకు దూడని తన్నాడని వీధిలోనే వాడి చెంప వాయించింది. ఆ తర్వాత అదే చేత్తో వాడికి అన్నం కలిపి పెట్టింది. ఆ చేతులంటే నాకు మొదట్లో భయం. నేనూ మా ఆయనా మాత్రం మెత్తటి మనుషులమని వీధంతా అనుకునేది.

మా ఆయనకి కంచన్‌బాగ్‌లో ఉద్యోగం. ఎవరితోనూ గట్టిగా మాట్లాడరు. నన్ను కొట్టేటప్పుడు కూడా గొంతు పెంచేవారు కాదు. తలుపు గడియ వేసి, రేడియో సౌండు పెంచి, చేతి గడియారం తీసి పక్కన పెట్టి కొట్టేవారు. నేను చీరచెంగు నోట్లో కుక్కుకునేదాన్ని. పుట్టింటికి కబురు చేస్తే సర్దుకోమన్నారు.

ఆయన ప్రాణమంతా ఒక టేబుల్ ల్యాంపు మీద ఉండేది. వాళ్ల ఆఫీసులో పనిచేసిన విదేశీ ఇంజనీరొకాయన తన దేశం వెళ్లిపోతూ సామాను అమ్మేస్తుంటే కొనుక్కొచ్చారు. ఇటలీలో చేసిందట. కాడ, గొడుగు వేరువేరు కాదు, పుట్టగొడుగులాగా అంతా ఒకే గాజు. తేనె రంగు. వెలిగిస్తే గాజు లోపల తెల్లటి సుడులు పైకి లేస్తున్నట్టు ఉండేది. నిజం చెప్పాలంటే నాకూ అది చాలా ఇష్టం. ముట్టుకునే హక్కు మాత్రం లేదు. రోజూ ఆయనే మెత్తటి గుడ్డతో, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడిచేవారు.

ఒక సాయంత్రం బల్ల తుడుస్తుంటే నా మోచెయ్యి తగిలి ల్యాంపు గోడకి కొట్టుకుంది. అంచున బియ్యపు గింజంత పెచ్చు లేచింది. ఆయన ఆఫీసు నుంచి వచ్చి, ఎప్పటిలాగే అంచు చుట్టూ వేలు తిప్పి, ఒకచోట ఆపారు. లేచి రేడియో పెంచారు. నా జుట్టు పట్టుకుని బల్ల మీదికి వంచి, "ఏ వేలితో ముట్టుకున్నావు?" అని నెమ్మదిగా అడిగారు. నేను చెప్పలేదు. ఆయనే ఎంచుకున్నారు. నా కుడి చూపుడువేలు విరిగిన చప్పుడు నాకు వినబడింది. అన్నాళ్లలో మొదటిసారి అరిచాను.

కొట్టంలో పాలు పిండుతున్న పెద్దమ్మ, పెరటి తలుపు గడియ ఊడేలా తన్ని, చేతిలో బకెట్టుతో సహా లోపలికి వచ్చింది. ఆ బకెట్టుతోనే ఆయన మూతి మీద కొట్టింది. పాలూ నెత్తురూ కలిసి గచ్చు మీద పారాయి. ఆయన నోరు పట్టుకుని, ఇది భార్యాభర్తల విషయం, మీరు కల్పించుకోకూడదని మర్యాదగానే చెప్పారు. ఆమె ప్లగ్గు పీకి ల్యాంపుని చంకన పెట్టుకుంది.

"సారూ, ఇది నా కాడ ఉంటది. ఈ పొల్ల మీద మల్ల చెయ్యి పడ్డదనుకో, దీన్ని బండకేసి కొడ్త."

ఆయన నా వైపు చూడలేదు. "జాగ్రత్తగా పట్టుకోండి, పగులుతుంది" అన్నారు.

నా వేలు అప్పటికే వాచి వేలాడుతోంది. ఆ క్షణం నుంచి నాకు ఆయన లేరు, అతనే ఉన్నాడు.

పెద్దమ్మ ల్యాంపుని కొట్టంలో గడ్డిమోపుల పక్కన పెట్టి, సాయంత్రం పాలు పిండే వేళ వెలిగించేది. బర్రెల నల్లటి వీపుల మీద ఆ తేనె వెలుగు పడేది. "మస్తుగుంది" అని మురిసిపోయేది. అతను పెరటి గోడ దగ్గర నిలబడి దాన్నే చూసేవాడు. ఆ వానాకాలమంతా నా మీద చెయ్యి పడలేదు. నేను సిగ్గుతో బయటికి రావడం లేదని కనిపెట్టి పెద్దమ్మ ఒకరోజు తిట్టింది. "దెబ్బ తిన్నోళ్లు సిగ్గు పడుడేంది? కొట్టినోడు పడాలె."

చలికాలంలో ఒకరోజు, పెద్దమ్మ ఇంట్లో లేని వేళ చూసి ల్యాంపు ఎత్తుకొచ్చెయ్యమని నాకు చెప్పాడు. తేనన్నాను. అతనితో నేనన్న మొదటి 'కాదు' అదే. పెదవి చిట్లేలా కొట్టాడు. నేను నోరు తుడుచుకోకుండానే కొట్టంలోకి నడిచాను. పెద్దమ్మ నా మొహం చూసి, ల్యాంపు తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"నేనెందుకు? దెబ్బ నీది. నువ్వే కొట్టు."

నీళ్లతొట్టి అంచుకేసి కొట్టాను. గొడుగు పగిలి చెల్లాచెదురైంది. కాడ నా చేతిలో మిగిలింది. వెనకే వచ్చిన అతను మొదటిసారి గొంతెత్తి అరిచాడు. రెండు చేతులా నా గొంతు పట్టుకుని గోడకి నొక్కాడు. పెద్దమ్మ అతని జుట్టు పట్టి లాగుతోంది, అయినా వదలడం లేదు. ఊపిరి అందలేదు. కళ్లు చీకట్లు కమ్మాయి. చేతిలో ఉన్న గాజుకాడని అతని ముంజేతిలోకి దింపాను. వదిలేశాడు. నెత్తురు చూసి బర్రెలు తాళ్లు తెంపుకునేలా గుంజుకున్నాయి.

పెద్దమ్మ చెంగు చింపి అతని చేతికి బిగించి కట్టింది. నా చేతిలోంచి గాజుకాడ తీసుకుంది. పోలీసులు వచ్చి ఎవరి పని అని అడిగితే, "నేనే పొడిసిన" అంది. పెళ్లాం పొడిచిందని చెప్పుకోలేక అతనూ అవునన్నాడు. ఆమెను తీసుకుపోయారు.

మర్నాడు మధ్యాహ్నం స్టేషన్ నుంచి రిక్షాలో తిరిగొచ్చింది. అరికాళ్లు వాచి నేల మీద ఆనడం లేదు. నేను ఆ కాళ్లు పట్టుకుని ఏడుస్తుంటే, "లొల్లి చెయ్యకు బిడ్డా. బర్రెలకు నీళ్లు వెట్టినవా?" అంది.

అతను బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు. నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను. ఇంటర్ దాకా చదివి ఊరికే కూర్చుంటే కాళ్లు విరగ్గొడతానని బెదిరించి పెద్దమ్మే నన్ను మళ్లీ చదువులో పెట్టింది. ఉద్యోగం వచ్చేదాకా పొద్దుటి పాలు నాతోనే పిండించింది. ఆ వంకర వేలితోనే ఇవాళ బోర్డు మీద రాస్తున్నాను. కొట్టడం మంచిదని బడిలో నా పిల్లలకి నేనెప్పుడూ చెప్పను. కానీ ఆ రోజు గడియ ఊడగొట్టుకుని ఎవరూ రాకపోయి ఉంటే ఈ మాటలు రాయడానికి నేనుండేదాన్ని కాదు.

మొన్న వాకిట్లో చుట్టూ చీరలు అడ్డం కట్టి ఆడవాళ్లం ఆమెకి నీళ్లు పోశాం. పక్కకి తిప్పినప్పుడు వీపు కనబడింది. మెడ కింద నుంచి నడుము దాకా ఒకదాని మీదొకటి, తాడుతో కొట్టిన చారలు. ఏ వయసులోవో, నల్లబడి గట్టిపడిపోయాయి. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్న కోడలు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తనకీ తెలియదట. చెంబు నేను తీసుకున్నాను. పోసిన నీళ్లు ఆ చారల మధ్య కాసేపు ఆగి, దారి వెతుక్కుంటూ, మెల్లగా కిందికి జారాయి.