ఉట్టిగుండు మలుపు

నా భార్య సూళ్లూరుపేట మనిషి. అక్కడి నేల చదును. పెళ్లయ్యేదాకా ఆమె కొండదారిలో ప్రయాణం చేసి ఎరగదు. మా ఊరు చంద్రగిరి దాటి ఇంకా పైన ఉంటుంది. కనమ దారిలో కొండ ఎక్కితే గాని రాదు. ఆమెను మొదటిసారి తీసుకుపోతున్న రోజు, బస్సు కనమ మధ్యలో మలుపు తిరుగుతుండగా, ఏదో చెబుతున్నదల్లా కిటికీలోంచి పైకి చూసి ఆగిపోయింది.

అక్కడ దారికి పైన, వాలులో, ఇల్లంత బండ ఒకటి ముందుకు వంగి ఉండేది. కింద ఆధారం ఉన్నట్టు కనబడదు. ఉట్టిలో కుండలా ఉంటుందని మావాళ్లు దాన్ని ఉట్టిగుండు అంటారు.

"అది పడదా?" అని అడిగింది, మలుపు దాటాక.

"మా తాత పుట్టకముందు నుంచీ అట్లే ఉంది."

"పడనని మీ తాతతో చెప్పిందా?"

ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ దారిన పోయినా ఆమె గుండు కింద మాట్లాడలేదు. మాట్లాడితే పడుతుందని ఆమె నమ్మిందో, ఊరికే భయమో నాకు తెలియదు. "ఈసారి కాయ..." అని ఆగిపోయేది. బస్సు మలుపు దాటి మోరీ వంతెన మీదికి రాగానే "తోటలోనే అమ్మేద్దామండీ" అని అదే మాట పూర్తిచేసేది. ఆమెతో పాటు నాకూ ఆ అలవాటు వచ్చింది. ఒకసారి ముందు సీట్లోని పెద్దామె వెనక్కి తిరిగింది.

"ఏమ్మా, కొట్లాడుకున్నారా? ఇద్దరూ ఉన్నట్టుండి మూతులు ముడుసుకున్నారే!"

నా భార్య వేలు పైకి చూపించింది. పెద్దామె కిటికీలోంచి తొంగి చూసింది.

"ఓ, దానికా? అది మనల్నేమీ అనదులేమ్మా. నా మొగుని కంటే నయం."

బస్సంతా నవ్వింది. నా భార్య మలుపు దాటాక నవ్వింది.

చివరిసారి మేమిద్దరం కలిసి వెళ్లినప్పుడు ఆమెకు జబ్బు ముదిరి ఉంది. కనమ మొదలు కాకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను లేపలేదు.

ఆమె పోయాక కూడా నేను ఆ బస్సెక్కుతూ వచ్చాను. తోట పని ఉందని అందరితో చెప్పేవాణ్ని. తోట కౌలుకిచ్చి చాలా కాలమైంది. నేను పోయింది ఆ మలుపు కోసం. తిరుపతిలో మా ఇంట్లో ఆమె లేదు కాబట్టి మాట ఉండదు. గుండు కింద మాత్రం, ఆ కొద్దిసేపు, ఆమె పక్కనే ఉండి మాట్లాడనట్టు ఉండేది. అంతకు మించి దాన్ని వివరించలేను.

అట్లా ఉండగా సముద్రంలో తుఫాను లేచింది. వాన మా వైపు కొండల మీద పట్టుకుని వదల్లేదు. అది తగ్గిన పొద్దున మా చిన్నాన్న కొడుకు ఊరి నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, కనమ తెగిపోయినాది. మన ఉట్టిగుండు పడిపోయినాదంట."

ఫోన్ చేతిలో ఉండగానే పక్కకు తిరిగి నోరు తెరిచాను. పడిందట, అని చెప్పడానికి. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది.

బస్సులు కనమ మొదలయ్యే చోటి దాకా పోతున్నాయని తెలిశాక బయలుదేరాను. అక్కడి నుంచి నడక. ఫోన్ చేసిన తమ్ముడు పైనుంచి దిగి నాకు ఎదురు వచ్చాడు. మలుపు దగ్గర దారిలో సగం లోయలోకి జారిపోయింది. మిగిలిన తారు అంచు కింద ఏమీ లేకుండా గాలిలో నిలిచి ఉంది. కింద ఎర్రమట్టి, వేళ్లతో సహా ఊడిన చెట్లు. నేను తల ఎత్తాను. ఉట్టిగుండు ఎప్పటి చోటే ఉంది.

"పడిందన్నావే!"

"పడిందన్నారు, సెప్పినాను. నేనేమన్నా ఎక్కి సూసినానా?"

నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఊళ్లో పాలు కిందికి పోయే దారి లేక పారబోస్తున్నారు. పిల్లలు బడికి కొండ చుట్టూ నడుస్తున్నారు. అవన్నీ తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. నేను రాయి వైపు చూస్తూ ఊకొట్టాను.

పని అప్పటికే మొదలైంది. కూలీలు లోయ అడుగు నుంచి ఇనుప తీగల పెట్టెలు పేర్చి, వాటిలో రాళ్లు నింపుతూ గోడ లేపుతున్నారు. పని చూసే ఇంజనీరు కుర్రవాడు. అతని చుట్టూ మా ఊరివాళ్లు గుమిగూడి ఉన్నారు. గోడ లేపడమే కాదు, గుండును కూడా దించేస్తామని అతను చెప్పాడట.

"తాతల కాలం నుంచి ఉండాది సార్ అది," అన్నాడు తమ్ముడు. "ఇంత తుఫానుకే పడలేదు. మీ గోడ కంటే గట్టిది."

"గుండు గట్టిదేన్నా. దాని కింద మన్ను గట్టిగా లేదు. ఎక్కి చూసినాం. వెనక పగులు వచ్చింది, చెయ్యి దూరుతోంది."

"అట్లయితే గుండుకు ఇనుప వల కట్టండి," అన్నారెవరో.

"అదేమన్నా చేపా అబ్బా, వలకు ఆగేదానికి!" అన్నాడు రాళ్లు మోస్తున్న ఒకాయన. కూలీలు నవ్వారు. మా ఊరివాళ్లకు కోపం వచ్చింది.

తమ్ముడు నన్ను పక్కకు లాగాడు. "అన్నా, నువ్వు కాలేజీలో పాఠాలు సెప్పినోడివి. నువ్వు సెప్తే ఇంటాడు. ఆ గుండు లేకపోతే ఈ మలుపును ఏమని పిలస్తాం?"

నా కారణం వేరని అతనికి తెలియదు. ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. మాటలు సిద్ధంగానే ఉన్నాయి.

"హెచ్చరిక బోర్డు పెట్టి, కొన్నాళ్లు ఉంచి చూడవచ్చు కదా?"

"చూడొచ్చు సార్. దారి తెరిస్తే బస్సులు కిందే పోతాయి. మీరు పోతారా?"

"పోతాను."

"మీరు సరే. మీ ఇంట్లో ఆడవాళ్లను ఎక్కించి పంపిస్తారా?"

అతను మామూలుగా అడిగాడు. నేను గుండు వైపు చూశాను. ఆమె నా ఊరికి రావడానికి, నా వాళ్ల పెళ్లిళ్లకూ చావులకూ రావడానికి, భయపడుతూనే దాని కింద నుంచి వచ్చింది. రానని ఒక్కసారీ అనలేదు.

"దించేయండి," అన్నాను.

తమ్ముడు ఊరివాళ్ల ముందే అరిచాడు. "నిన్ను పంపిచ్చింది దేనికి, నువ్వు సేసొచ్చిందేంది? వదినుండుంటే నీకు గడ్డి పెట్టుండును!"

"ఆమె ఉండుంటే కూలీలతో పాటు తానూ గడ్డపార పట్టుకునేది," అన్నాను.

తమ్ముడు నాకు తాగడానికి నీళ్లు ఇచ్చాడు.

గుండు దించే రోజు కూడా వెళ్లాను. పెద్ద చప్పుడుతో ఒక్కసారిగా దొర్లుతుందని అనుకున్నాను. అట్లా జరగలేదు. ముందే బెజ్జాలు వేసి, రాయి చీల్చే పొడి నీళ్లలో కలిపి వాటిలో పోశారు. అది పొరలుగా విచ్చింది. యంత్రంతో ఒక్కో ముక్కే కిందికి తోశారు. పని అయ్యేసరికి వాలులో తడి మన్నూ, తెగిన వేళ్లూ మిగిలాయి. చూడటానికి ఏమీ లేదు. ఇకపైన ఆ బస్సెక్కడానికి నాకు కారణం లేదు.

ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇంటికి వచ్చి సూళ్లూరుపేటలో ఉన్న ఆమె చెల్లెలికి ఫోన్ చేశాను.

"గుండు దించేశారమ్మా."

"ఏ గుండు బావా?"

ఆమెకు తెలియదు. అన్నేళ్లలో నా భార్య చెల్లెలితో కూడా అనలేదన్నమాట. మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఆమె అంతా విని నవ్వింది.

"అక్కకి భయమా? ఏంది బావా నువ్వు చెప్పేది! మా చిన్నప్పుడు తుఫానొస్తోందంటే ఊరంతా తలుపులేసుకుంటే, ఆమె మిద్దెక్కి కూర్చునేది, గాలి ఎట్టొస్తదో చూడాలని. నాయన కర్ర తీసుకుని దిగమంటే, 'గాలి రానీ, దిగతా' అనేది."

నాకు ఇది తెలియదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"దిగిందా మరి?"

"అదో పెద్ద కథ బావా. పొయ్యి మీద అన్నం ఉంది, మళ్లీ ఫోన్ చేస్తాలే."

"అన్నం దించి రామ్మా. నేను ఫోన్ పెట్టను," అన్నాను.

ఆమె ఫోన్ ఎక్కడో పెట్టి వెళ్లింది. గంజి వారుస్తున్న చప్పుడు వినిపించింది. నేను ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండా కూర్చున్నాను.