అత్తమ్మను గట్టు తొవ్వల మర్చిపోయిన

ముందుగాల ఒక్క మాట చెప్త. మా అత్తమ్మ ఇప్పుడు మంచిగనే ఉన్నది, లోపల కూసోని టీవీ చూస్తున్నది. ఇది ముందే ఎందుకు చెప్తున్ననంటే, పోయిన ఆదివారం ముచ్చట సగం విన్నోళ్లంతా నా దిక్కు ఒక తీరుగ చూస్తున్నరు. కోడలు అత్తను రోడ్డు మీది హోటల్ల వదిలిపెట్టి వచ్చిందంటే, మర్చిపోయిందని ఎవరు నమ్ముతరు చెప్పుండ్రి.

వానలు పడి గద్వాల అవతల గట్టు ఊరి దిక్కు అంతా పచ్చగైందని ఫోన్ల ఫొటోలు చూసి, ప్రోగ్రాం పెట్టింది నేనే. మేముండేది వనపర్తిల. మా ఆడబిడ్డ సుజాతను ఇచ్చింది గద్వాలల. "పొద్దుగాల బయల్దేరుదాం, చేన్ల పొంటి జర నడుద్దాం, మంచి హోటల్ కనిపిస్తే చాయ తాగుదాం, వచ్చేటప్పుడు జూరాల కాడ చేపలు తిందాం" అన్న. సుజాత, వాళ్లాయన వాళ్ల కార్ల, మేం మా కార్ల.

అత్తమ్మ మొదలు రానన్నది. "నడిచేటందుకు కార్లేసుకొని పోవుడు ఏందో. చేన్లల్ల నడిచీ నడిచే నా మోకాళ్లు పోయినయి, మల్ల గదే చూసేందుకు రావాల్నా?" అన్నది. బతిమిలాడి ఎక్కించింది గూడ నేనే. ఈ ముక్క మీరన్న యాది పెట్టుకోండ్రి, మా ఇంట్ల ఎవ్వరూ పెట్టుకోలే.

వనపర్తి నుంచి మా కార్లనే వచ్చింది. గద్వాలల బిడ్డ కనపడంగనే, "జరసేపు దీనితోని ముచ్చట పెడ్త" అని సుజాత కార్లకు మారింది.

గట్టు ఇంక కొంచెం దూరం ఉండంగ రోడ్డు పక్కన ఒక రేకుల హోటల్ కనిపించింది. ముందల రెండు మంచాలు, పొయ్యి మీద బజ్జీల కడాయి. నడిపే ఆమె పేరు రజియా బీ, మా అత్తమ్మ ఈడుదే. మేం దిగినమో లేదో కొంగుతోని మంచం దులిపి, "రాండ్రమ్మ, కూసోండ్రి, ఎంత దూరంకెళ్లి వచ్చిండ్రో ఏమో" అని నీళ్లు తెచ్చిచ్చింది. సొంత చుట్టాల ఇంటికి పోయినట్టే అనిపించింది. మా అత్తమ్మ బయట తిండి ముట్టదు. ఏం నూనెనో ఏం పిండినో అంటది. గట్లాంటి మనిషి మిర్చి బజ్జీ తిని, ఇంకోదానికి చెయ్యి చాపింది.

తర్వాత మేం నలుగురం నడిచేందుకు పోయినం. "నేను రాను, ఈడనే కూసుంట, మీరు పోయి రాండ్రి" అన్నది అత్తమ్మ. చేన్ల గట్ల మీద పోతుంటే ఒక దిక్కు పల్లి చేను, ఒక దిక్కు పత్తి. సల్లటి గాలి. దూరంగ రాళ్ల గుట్ట కనిపిస్తే ఎక్కుదామని అందరిని లాక్కపోయిన. సగం ఎక్కినంక నా చెప్పు తెగింది. మల్ల దిగుతుంటే మబ్బు కమ్మింది. సుజాతోళ్లు ముందు ఉరికిండ్రు. నేను చెప్పు చేతుల పట్టుకొని, మా ఆయన నన్ను పట్టుకొని, హోటల్ కాడికి వచ్చేసరికి చినుకులు పెద్దగైనయి. మంచాలు ఖాళీ. సుజాత కారు అద్దాలకు ఆవిరి పట్టి లోపల ఎవరున్నరో కనిపిస్తలేదు. వాన కద, అత్తమ్మ బిడ్డ కార్ల కూసున్నదనుకున్న. సుజాత ఏమనుకున్నదంటే, తిరిగి పోయేటప్పుడు అమ్మ కొడుకు కార్ల వస్తదిలే అనుకున్నది. రెండు కార్లు కదిలినయి.

తొవ్వంత నేను మస్తు ఖుషీగ ఉన్న. ఏసీ బంద్ చెయ్యమనేటోళ్లు లేరు. లారీ ఎదురొస్తే "మెల్లగ కొడకా" అనేటోళ్లు లేరు. "చూసినవా, మీ అమ్మ లేకుంటే కార్ల ఎంత నిమ్మళంగ ఉన్నదో" అని మా ఆయనతోని అన్న. ఆ మాట ఆయన నాకు అప్పటి సంది రోజూ అప్పజెప్తుండు.

గద్వాల దగ్గరికి వచ్చినంక పెట్రోల్ బంకుల ఆగినం. సుజాత నీళ్ల బాటిల్ పట్టుకొని మా కారు కాడికి వచ్చింది. "అన్నా, అమ్మ బీపీ గోలీ ఏసుకునే యాళ్లయింది" అని లోపలికి తొంగి చూసింది.

"అమ్మ ఏది?"

"మీ కార్ల లేదా?" అన్నడు మా ఆయన.

"మా కార్ల ఎందుకుంటది?"

మా ఆయన గబగబ అత్తమ్మ ఫోన్‌కు కొట్టిండు. నా హ్యాండ్ బ్యాగుల మోగింది. నడిచేందుకు పోయేటప్పుడు, ఆమె దగ్గర పడిపోతదని నేనే తీసి పెట్టుకున్న. సుజాత ఆ బ్యాగు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"వదినా, నిజం చెప్పు. పొద్దుగాల మీ ఇద్దరికి ఏమన్న లొల్లయిందా?"

నాకు ఏడుపొచ్చింది. కార్లు మలిపినం. ఇగ నా మనసుల అన్నీ పాడు ఆలోచనలే. ఆమెకు ఎవ్వరి నంబరు నోటికి రాదు. వానల రోడ్డు పట్టుకొని నడుసుకుంట వస్తున్నదేమో. ఒక్కతే కూసోని ఏడుస్తున్నదేమో. నాకు జ్వరమొస్తే పక్కన కూసోని తడిబట్ట ఏసిన మనిషి, ఆమె లేకుంటే నిమ్మళంగ ఉన్నదని ఎట్లన్ననో అని నన్ను నేనే తిట్టుకున్న. తొవ్వ పొంటి కనిపించిన ప్రతి ముసలామెను కిటికీలకెళ్లి చూసుకుంట పోయిన.

హోటల్ కాడ మంచాల మీద ఎవ్వరు లేరు. ఉత్త కాళ్లతోనే రేకుల కిందికి ఉరికిన. చూస్తే, అత్తమ్మ కొంగు నడుముకు చెక్కుకొని, పొయ్యి ముందల కూసోని బజ్జీలు తీస్తున్నది. పక్కన రజియా బీ మిరపకాయలు చీరుతున్నది. వానకు ఆగిన ట్రాక్టరోళ్లు ప్లేట్లు పట్టుకొని నిలబడ్డరు.

"ఇగో, ఈమెనే మా కోడలు" అన్నది అత్తమ్మ, తల తిప్పకుండనే.

రజియా బీ నన్ను కిందికెళ్లి మీది దాంక చూసి, "ఈమెనా? మంచిగనే కనిపిస్తున్నది కదమ్మా" అన్నది. అప్పటిదాంక ఆడ నా గురించి ఏం ముచ్చట నడిచిందో నాకు సమజైంది.

"అత్తమ్మా, యాడికి పోయినవ్?" అన్న.

"నేను యాడికి పోయిన? మీరే పోయిండ్రు. వెనక ఈమె కోళ్లను చూసొచ్చేసరికి కార్లు లేకపాయె."

"భయం కాలేదా?"

"భయమెందుకు, రజియమ్మ ఉన్నది కద. చేపలు తినేటప్పుడన్న ముల్లు తీసిచ్చేటామె లేదని యాదికొస్త అనుకున్న."

సుజాత వచ్చి అమ్మను పట్టుకొని ఏడ్చింది. ఏడ్చుడైనంక నా దిక్కు మల్లింది. "చాలు వదినా. అమ్మను నేను గద్వాలకు తీస్కపోత. ఇగ నేనే చూసుకుంట."

అత్తమ్మ జల్లిగంటె పక్కన పెట్టింది. "ఓసి పిచ్చిదానా, నన్ను ఎవరు మర్చిపోయిండ్రు? మోకాళ్లు నొస్తున్నయి, నేను ఈడనే ఉంట, మల్ల వచ్చి తీస్కపోండ్రి అని నేనే మీ వదినకు చెప్పిన."

"మరి బంకు కాడ వదిన ఎందుకు ఏడ్చింది?"

అత్తమ్మ నా దిక్కు ఒక్క చూపు చూసింది. "దానికి మతిమరుపు. నేను చెప్పిన సంగతి గూడ మర్చిపోయింది."

అందరూ నా దిక్కు చూసిండ్రు. "అవును, మర్చిపోయిన" అన్న. ఇంకేమంట.

రజియా బీ మల్లొకసారి అందరికి చాయ పోసి, అత్తమ్మ చేతుల బజ్జీల పొట్లం పెట్టి పంపింది. ఈసారి అత్తమ్మను నేనే చెయ్యి పట్టుకొని మా కార్ల ఎక్కించి, పక్కన కూసున్న. జరంత దూరం పోయినంక, "అత్తమ్మా, సుజాత ముందల నా ఇజ్జత్ కాపాడినవ్" అన్న.

"నీ ఇజ్జత్ ఎవరు కాపాడిండ్రు?" అన్నది అత్తమ్మ. "గట్ల అనకపోతే అది నన్ను గద్వాలకు పట్టుకపోతుండె. దాని ఇంట్ల ఉప్పుండదు, కారముండదు. అన్నానికి బదులు ఏవో గింజలు ఉడకబెడ్తది. తెల్లారకముందే లేపి డాబా మీద నడిపిస్తది. నీ దగ్గర ఏమున్నది, అప్పుడప్పుడు మర్చిపోతవ్, గంతే కద."

మా ఆయన నవ్వు ఆపుకోలేక కారు పక్కకు ఆపిండు. నేను మాత్రం నవ్వలే. పెండ్లయినప్పటి సంది మా అత్తమ్మ నన్ను మెచ్చుకున్నది ఇదే మొదటిసారి. అందుకే సిగ్గు ఇడిసిపెట్టి అందరికి చెప్పుకుంట తిరుగుతున్న.