తమ్ముడు నాతో హిందీలో మాట్లాడాడు

అన్నం వార్చి గంజి గిన్నె పక్కన పెడుతుంటే ఫోన్ మోగింది. ముందెప్పుడూ చూడని నంబరు. చేతులు తడిగా ఉన్నాయని మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"హలో దీదీ" అన్నాడు నా తమ్ముడు.

ఏదో జరగకూడనిది జరుగుతోందని నాకు మొదట తెలిసింది ఆ ఒక్క మాటతోనే. వాడు నన్ను అక్కా అని పిలుస్తాడు. కోపం వస్తే ఏమే అంటాడు. దీదీ అని పుట్టిన తర్వాత ఒక్కసారి కూడా అనలేదు. అయినా ముందు నవ్వే వచ్చింది. ఇక్కడ బహ్రెయిన్‌లో, సల్మాబాద్ గ్యారేజీలో పని చేసినన్ని రోజులూ వాడు శుక్రవారం మా ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, వాళ్ల ఫోర్‌మన్‌ను హిందీలో అనుకరించేవాడు. అదే ఆట అనుకున్నాను.

"ఏందిరా, ఫోర్‌మన్ లెక్క మాట్లాడుతున్నవ్" అన్నాను.

"హా దీదీ. మై ఠీక్ హూ. క్యాంప్ మే హూ. టెన్షన్ మత్ లో."

బాగానే ఉన్నాడట, క్యాంపులో ఉన్నాడట. గొంతు వాడిదే. కానీ బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో ముక్క విడిగా పడుతోంది. వెనుక ఎవరో దగ్గారు. హిందీ మాకు కొత్త కాదు. ఇక్కడ కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు అతనితో, టాక్సీ అతనితో, ఏసీ బాగు చేయడానికి వచ్చే అతనితో అదే మాట్లాడతాం. చెప్పులు వేసుకుని గడప దాటాక నోటికి వచ్చే భాష అది. దాన్ని వాడు నాతో మాట్లాడుతున్నాడంటే మా ఇద్దరి మధ్యా బయటివాడెవడో కూర్చుని వింటున్నాడన్నమాట. అది తెలియగానే నేనూ తెలుగు మానేశాను.

"ఖానా ఖాయా?" అని అడిగాను. తిన్నావారా అని రోజూ అడిగే మాటే. హిందీలో అడిగితే ఎవరినో అడిగినట్టుంది.

"ఖాయా" అన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

వాడు బహ్రెయిన్ వదిలి అప్పటికి చాలా వారాలైంది. గ్యారేజీ మూసేశారు, వీసా ఇచ్చే వేరే కఫీల్ దొరకలేదు. ఆ సమయంలో ఒక ఏజెంటు, యుద్ధం జరుగుతున్న ఒక చలిదేశంలో వంటశాలలో హెల్పర్ పని ఉందని, యుద్ధం జరిగే చోటు అక్కడికి చాలా దూరమని చెప్పాడు. నేను వద్దన్నాను, మా ఆయన వద్దన్నాడు. "ఊకె ఇంటికి పోయి ఏం చెయ్యాలె బావా" అని వాడు వెళ్లిపోయాడు. వెళ్లిన కొత్తలో ఫోటో పంపాడు. దళసరి ఆకుపచ్చ బట్టల్లో నిలబడి ఉన్నాడు. "యూనిఫాం ఇచ్చిండ్రు అక్కా, సలికి మంచిగుంది" అని కింద వాయిస్ మెసేజ్. కంపెనీ అన్నాక యూనిఫాం ఇస్తారు. ఇక్కడ సిమెంటు మోసేవాడికీ ఇస్తారు, తుడిచేవాడికీ ఇస్తారు. డ్యూటీ ఎక్కువుందన్నాడు. మట్టి తవ్వే పని అన్నాడు. మాకు ఆ మాటలన్నీ అలవాటైనవే కాబట్టి ఒక్కదాన్నీ అనుమానించలేదు. ఆ తర్వాత ఫోన్ లేదు. తర్వాత ఈ హిందీ.

మా ఆయన మనామాలో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూస్తాడు. ఇంటికి రాగానే చెప్పాను. ఆయన బూట్లు విప్పుతూనే విన్నాడు.

"క్యాంపుల ఉన్న అన్నడు గదా. మల్లేంది. రూమ్ ఇచ్చిండ్రన్నట్టు."

"నాతోని హిందీల ఎందుకు మాట్లాడిండు?"

"పక్కన ఎవలో హిందోల్లు ఉండచ్చు. నువ్వు ప్రతిదానికి భయపడ్తవ్. మొన్న పోరనికి జలుబు చేస్తె నిమోనియా అన్నవ్."

అది నిజమే. నేను భయపడే మనిషినే. పిల్లలు బడి బస్సు ఎక్కాక ఆ బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడతాను. కాబట్టి నా భయాన్ని నేనే నమ్మలేదు. క్యాంపు అన్న మాటను నమ్మాను. మా వాళ్లందరికీ క్యాంపు అంటే ఒకటే అర్థం. కంపెనీ ఇచ్చే గది, ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, బయట వరసగా ఆరేసిన ప్యాంట్లు, ఉదయం గేటు ముందు బస్సు. ఊళ్లో అమ్మకూ అదే చెప్పాను. "దుబాయిల క్యాంపు మార్చిండ్రా?" అని అడిగింది. ఆమెకు బహ్రెయిన్ అయినా ఆ చలిదేశమైనా అన్నీ దుబాయే. మార్చారని చెప్పాను.

పిల్లలకైతే క్యాంపంటే పండగే. ఒకసారి వాళ్లను సల్మాబాద్ తీసుకెళ్లాం. తమ్ముడి గదిలోవాళ్లు వాళ్ల చేతులనిండా బిస్కెట్లు పెట్టారు. నా కొడుకును పై మంచం ఎక్కించారు. అది తమ్ముడి మంచం. పిల్లవాడు దిగనని ఏడ్చాడు. పెద్దయ్యాక క్యాంపులో ఉంటానని ఇంటికొచ్చి నాన్నకు చెప్పాడు. అప్పటినుంచి మామ సంగతి వస్తే ఒకటే అడుగుతాడు: "మామకు ఆడ పై మంచమా, కింది మంచమా?" నేను పై మంచమే అనేదాన్ని. నా కూతురు వాడికన్నా పెద్దది, రెండో తరగతి. అది అడగదు, నా ముఖం చూస్తుంది.

తర్వాత ఒక శుక్రవారం తమ్ముడి పాత రూమ్మేటు వచ్చాడు. మా జిల్లా మనిషే, తమ్ముడి కన్నా చాలా పెద్ద. నన్ను చెల్లె అంటాడు. చాయ్ ఇస్తే పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"చెల్లె, పిల్లల్ని లోపలికి పంపు."

పంపాను. ఫోన్ తీసి ఎవరో పంపిన వీడియో చూపించాడు. గుండు కొట్టిన మనుషులు తల దించుకుని వరసగా నిలబడి ఉన్నారు. వెనుక మంచు. ఒక్కొక్కరి గడ్డం కింద కర్ర పెట్టి ముఖం పైకెత్తి చూపిస్తున్నారు. మూడో ముఖమో నాలుగో ముఖమో నా తమ్ముడిది. చెంప వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది.

మా ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "క్యాంపు అన్నడు గదా" అన్నాడు, ఎవరితోనో.

"అది మన క్యాంపు కాదు బావా" అన్నాడు రూమ్మేటు. "ఖైదీల క్యాంపు. అటు దిక్కోల్లు యుద్ధంల పట్టుకపోయిండ్రు. మనోడు ఆడ వంటపని చెయ్యలే. మిలిట్రీకి గుంతలు తవ్విండు."

అప్పటినుంచి మా ఇంట్లో క్యాంపు అన్న మాట ఎవరమూ పలకలేదు. మా ఆయన నన్ను భయపడకు అనడం కూడా మానేశాడు. దాంతో నాకు ఇంకా భయమేసింది. అడగాల్సిన చోటల్లా అడిగాం. వివరాలు రాసుకున్నారు. కనుక్కుంటామన్నారు, ఓపిక పట్టమన్నారు. ఓపిక పట్టడమంటే ఏమిటో నాకు తెలియదు. నేను చేసిందల్లా వంట, బట్టలు, పిల్లల హోంవర్కు. ఫోన్ చార్జింగ్ తగ్గకుండా చూసుకోవడం. స్నానానికి వెళ్లినా ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీసుకెళ్లేదాన్ని. వాడు మళ్లీ హిందీలో మాట్లాడితే ఏమనాలో మనసులో తయారు చేసుకునేదాన్ని. అమ్మ బాగుంది అనాలి, పిల్లలు అడుగుతున్నారు అనాలి. ఇంటి మాటలన్నీ హిందీలోకి మార్చుకుంటూ గిన్నెలు తోమేదాన్ని. కొన్ని మారేవి కావు.

వార్తల్లో ఆ దేశం పేరు వస్తే మా ఆయన చానల్ మార్చేవాడు. నేను వంటగదిలోకి వెళ్లి ఫోన్‌లో అదే వార్త వెతికేదాన్ని. ఊళ్లు చేతులు మారుతున్నాయని రాసేవారు. ఏ ఊళ్లో మా వాడున్నాడో తెలియనప్పుడు ఏ ఊరు ఎవరికి పోతే నాకేం.

రెండోసారి ఫోన్ వచ్చింది కూడా వంటవేళే. సాయంత్రం, పక్క మసీదులో అజాన్ అయిపోతోంది. మా ఆయన అప్పుడే ఖుబూస్ రొట్టెలు కొనుక్కొచ్చి టేబుల్ మీద పెట్టాడు. మళ్లీ తెలియని నంబరు. మనసులో హిందీ సిద్ధం చేసుకుని ఎత్తాను.

"అక్కా."

చేతిలోని గరిటె పక్కన పెట్టాను.

"అక్కా, నేనే. ఇనవడ్తుందా?"

"తెలుగుల మాట్లాడుతున్నవా?" అన్నాను. అన్ని రోజులు తయారైన దాన్ని, నోటికి వచ్చింది అదొక్కటే.

"మరి ఏ భాషల మాట్లాడాలె నీతోని. దీదీ అనాల్నా?"

వాడు నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఆ దగ్గు తగ్గేదాకా మా ఆయన వచ్చి నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏడున్నవ్‌రా?"

"దవాఖానల. ఎల్లిచ్చినం అక్కా. అందర్ని ఎల్లదీసిండ్రు."

కొంచెం కొంచెంగా చెప్పాడు. మధ్యలో నీళ్లు తాగుతున్న చప్పుడు వినిపించేది.

"కోళ్ల షెడ్డక్కా అది. వాసన తెలుస్తది గదా. నిలవడితె తల రేకులకు తాకుతది. పొద్దున లెక్కవెట్టేటప్పుడు కొట్టుడు, పొద్దూకి లెక్కవెట్టేటప్పుడు కొట్టుడు. నీకు ఫోన్ చేపిచ్చినప్పుడు హిందీ తెలిసినోన్ని పక్కన కూసోవెట్టిండ్రు. నా ముందటోడు వాని సొంత భాషల వాళ్లమ్మతోని ఒక్క మాట మాట్లాడిండు. కొడితె వాని పండ్లు రాలినయ్."

"చెప్పకు, అలసిపోతవ్" అన్నాను. వాడు ఆగలేదు.

"ఆ దినం పొద్దుగాల నుంచి తుపాకులు మోగినయ్. అటెనుక సప్పుడు లేదు. కావలోల్లు కనవడలే. కొద్దిసేపటికి తలుపు పలగొట్టి మొకాలకు గుడ్డలు కట్టుకున్నోల్లు లోపటికొచ్చిండ్రు. బయటికి రమ్మని చేతులూపిండ్రు, అర్సిండ్రు. ఒక్కడు లేవలే."

"ఎందుకురా?"

"ఒకపారి గట్లనే తలుపు దీసి పోండ్రి పోండ్రి అన్నరక్కా. పోయినోల్లను కొట్టిండ్రు. నవ్వుకుంట కొట్టిండ్రు. మల్ల ఎవడు లేస్తడు. ఆళ్లు అర్సుడు, మేము కూసునుడు. ఆళ్లే గాబరా అయిండ్రు. మాతోని నేపాలోడు ఒకడుండె, ముందుగాల ఖతర్ల చేసిండు. వాడు తలుపు కాడికి పాక్కుంట పోయి చూసిండు. ఇటు తిరిగి, 'భాయ్, డ్యూటీ ఖలాస్. యల్లా, బస్ ఆయా' అన్నడు. గంతే. పని అయిపోయింది, నడువుండ్రి అని రోజు ఇన్న మాటే గదా, గల్ఫుల చేసినోల్లం అందరం లేచినం. ఆలోచన గూడ చెయ్యలే, కాళ్లే లేచినయ్. మమ్మల్ని చూసి మిగతోల్లు లేచిండ్రు."

"నిజంగ బస్సుండెనా?" అని మా ఆయన అడిగాడు.

"ఉండె బావా. కిటికీ సీటు దొరికింది."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఎవలు వాళ్లు, ఏ దేశపోల్లు?"

"తెల్వది. మమ్మల్ని కొట్టలే, గది సాలు."

వాడు మళ్లీ నీళ్లు తాగాడు.

"అక్కా, నా పక్కన పండుకునే ఆయనను గూడ లేపిన. డ్యూటీ ఖలాస్ అట, లెవ్వు అన్న. లేవలే. రాత్రే పోయిండట. నాకు తెల్వలే. తెల్లారిందాక ఆయన వీపుకే ఆనుకోని పండుకున్న."

ఊరికే ఊఁ కొట్టి ఉంటాను. చలికి చచ్చుబడ్డ కాలి వేళ్లు కొన్ని తీసేశారని, మిగతావి ఉంటాయన్నారని చెప్పాడు. ఇంటికి పంపుతారా అంటే, "పంపుతమంటున్నరు, కాగితాలు కావాల్నట" అన్నాడు. గల్ఫులో ఉన్నవాళ్లకు కాగితాలు కావాలి అన్న మాట ఎంత పొడవో తెలుసు. అయినా దాన్ని పట్టుకుని వేలాడలేదు. నర్సు ఎవరో ఫోన్ తిరిగి అడుగుతోందని వాడు పెట్టేశాడు.

సంతోషం రావాలి. రాలేదు. కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టింది భయమే అనుకుంటాను. ఖుబూస్ చల్లారిపోయింది. మా ఆయనే పిల్లలకు పెట్టి పడుకోబెట్టాడు. అమ్మకు ఫోన్ చేసి "క్యాంపు మళ్లా మార్చిండ్రు, మంచిగున్నడు" అన్నాడు. ఆమె, "ఎన్ని క్యాంపులు మారుస్తరు వానికి" అని విసుక్కుందట.

ఇదంతా రోజూ పిల్లలు పడుకున్నాక కొంచెం కొంచెం రాస్తున్నాను. వాడు వచ్చాక వాడినే అడిగి సరిచేయొచ్చు. వాడు చెప్తాడో లేదో తెలియదు.

ఆ ఫోన్ వచ్చిన మరుసటి ఉదయం కూతురికి జడ వేస్తుంటే, "రాత్రి నువ్వు మామతోనా మాట్లాడింది?" అని అడిగింది. అవునన్నాను. అది వెనక్కి తిరగలేదు, అద్దంలోనే నా ముఖం చూసింది. కొడుకు ఒక కాలికి సాక్సు వేసుకుని రెండోది చేత్తో ఊపుతూ వచ్చాడు.

"మామకు పై మంచమా, కింది మంచమా?"

పై మంచం అనబోయాను. అలవాటైన మాట. నాలుక మీదకు వచ్చింది కూడా.

జడ పట్టుకునే ఇద్దరికీ చెప్పాను. "మామ ఇప్పుడు క్యాంపుల లేడు. అది మంచి క్యాంపు కాదు, ఆడ మంచాల్లేవు. మామను కొట్టిండ్రు. ఇప్పుడు దవాఖానల ఉన్నడు. ఆడ మామకు ఒక్కనికే ఒక మంచం. పైన ఎవ్వలు లేరు, కింద ఎవ్వలు లేరు."