హట్టి బయట సుంకమ్మ టెంటు

దిన్నెహట్టిలో సుంకమ్మ పేరెత్తితే మగవాళ్లు "ఆయమ్మ నోటికో దండం" అంటారు. ఆడవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదని వాళ్లకు తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో సుంకమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం చెప్పినా తల ఊపేది. అలా తల ఊపి, తొలి బిడ్డను పోగొట్టుకుంది.

బెళుగుప్పకు పడమట, గాలిమరల వరస దాటాక, రాళ్లదిన్నె మీద ఉన్న చిన్న పల్లె అది. అలాంటి పల్లెను ఆ ప్రాంతంలో హట్టి అంటారు. చుట్టూ ముళ్లకంచె, కంచెకు ఒక దారి, దారి మొదట్లో ఒక నిలువురాయి. ముట్టయిన ఆడది ఆ రాయి దాటి లోపలికి రాకూడదు. బాలింత అయితే నెల తిరిగేదాకా రాకూడదు. హట్టి దేవర మైలను ఓర్వడట. అందుకని రాయికి అవతల, కానుగ చెట్టు కింద, బోదగడ్డి కప్పిన ఒక గుడిసె ఉండేది. గుడిసె అనడం దాన్ని పొగడటమే. వంగి దూరాలి, దూరాక వంగే కూర్చోవాలి. కోళ్ల గూళ్లు అంతకంటే నయంగా ఉంటాయి. కాన్పు ఆసుపత్రిలో అయినా సరే, ఆంబులెన్సు తెచ్చి దించేది ఆ గూటి ముందే. నెత్తిమీద గాలిమర తిరిగి పట్నాలకు కరెంటు పోతుంటుంది, దాని కింద పచ్చి బాలింత చీకట్లో కూర్చుని బిడ్డ మీద వాలిన దోమల్ని చేత్తో తోలుతుంటుంది. ఇదీ ముచ్చట.

సుంకమ్మ తొలి బిడ్డ ఆ గూట్లోనే ముసురుకు తడిసి, రొమ్ము పడిశం పట్టి, ఊపిరాడక పోయాడు. దేవర పిలుచుకున్నాడన్నారు. పిలుచుకున్నది దేవర కాదు, కారిన బోద. ఆ మాట అనడానికి సుంకమ్మకు అప్పట్లో నోరు రాలేదు. ఆ తర్వాత ఇంద్రాణి పుట్టింది, ఎండాకాలంలో పుట్టింది కాబట్టి బతికింది.

టెంటు పుట్టపర్తిలో దొరికింది. పండగ రోజుల్లో అక్కడి లాడ్జీల్లో దుప్పట్లు ఉతికే పనికి సుంకమ్మ పోయేది. పిల్లలతో దూరదేశం నుంచి వచ్చిన ఒక కుటుంబం, తిరుగు ప్రయాణంలో బరువెక్కువైందని, పెద్ద సంచీ ఒకటి వదిలిపోయింది. సుంకమ్మతో పాటు పనిచేసే రోషన్ బీ దాన్ని మిద్దె మీదికి మోసుకొచ్చింది. ఇద్దరూ కిందా మీదా పడి, కడ్డీలు ఒకదాన్లో ఒకటి దూర్చి, మధ్యాహ్నానికి దాన్ని నిలబెట్టారు. ముదురాకు రంగు, దళసరి గుడ్డ. కింద పరిచే గుడ్డ కూడా దానికే కుట్టి ఉంది. మధ్యలో తెర, రెండు గదులు, కిటికీలకు దోమతెర, తలుపుకు జిప్పు.

సుంకమ్మ లోపలికి పోయి నిలబడింది. తల ఎక్కడా ఆనలేదు. చేతులు పైకెత్తి చూసింది. అప్పుడు పట్టరాని కోపం వచ్చింది ఆమెకు. ఎవరో షికారుకు పోయి నాలుగు రాత్రులు పడుకునే గుడ్డ ఇల్లు ఇంత బాగుంటే, తను బిడ్డను కన్న చోటు ఎట్లా ఉండింది! కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"అక్కా, నువ్వే ఎత్తుకపో. మా ఇల్లే ఇంత లేదు, దీన్ని యాడ పెట్టేది?" అంది రోషన్ బీ.

బస్సులో కండక్టరు ఆ పొడుగాటి మూటను చూసి, "ఏమ్మా, పీనుగనేమన్నా తీసుకపోతాండావా?" అన్నాడు.

"ఇల్లు తీసుకపోతాండా. టికెట్టు కొట్టు" అంది సుంకమ్మ.

హట్టి బయట దాన్ని నిలబెట్టడం మిద్దె మీద నిలబెట్టినంత సులువు కాలేదు. గరుసు నేల, మేకులు దిగక వంగిపోయాయి. మొదటి సాయంత్రమే గాలి దాన్ని ఎత్తుకుపోయి పొరుగింటి నల్లమ్మ వాళ్ల సెనక్కాయ చేనిలో దొర్లించింది. ఆడవాళ్లంతా కొంగులు దోపుకుని దాని వెంట పరుగెత్తారు. తర్వాత సుంకమ్మ గడ్డపారతో బొక్కలు పొడిచి మేకులు దించింది, తాళ్లకు గుండ్లు కట్టింది, తలుపును గాలికి వెనక్కి తిప్పింది, చుట్టూ కాలువ తీసింది. ఇక ఆషాఢం గాలి కూడా దాన్ని కదిలించలేకపోయింది.

పూజారి కరియన్న నిలువురాయి దగ్గర నిలబడి చూసి, "బయటున్నోళ్లకు మేడ కట్టినావే సుంకమ్మా!" అని ఎగతాళి చేశాడు.

"బయటే కట్టినా కదప్పా. నీకేం నొప్పి?" అంది ఆమె.

ఆయన తల గోక్కుంటూ వెనక్కి పోయాడు. బయట ఉన్నవాళ్లు దేనికింద పడుకోవాలో దేవర ఎన్నడూ చెప్పలేదు మరి. ఆ రోజు నుంచి హట్టిలో ముట్టయిన ప్రతి ఆడదీ అందులోనే పడుకుంది. పోయేటప్పుడు అడుగు గుడ్డను కడిగి, తుడిచి పోయేవాళ్లు. "లోపల నుంచి మూసుకునే వాకిలి నా బతుకులో ఇదే" అని నల్లమ్మ ఆ జిప్పును ఊరికే పైకీ కిందికీ లాగి మురిసిపోయేది.

కార్తీకంలో ఇంద్రాణి పుట్టింటికి కాన్పుకొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి తెచ్చి తల్లినీ బిడ్డనూ టెంటులో దించారు. ముసురు పట్టుకునే ఉంది. అయినా లోపల చుక్క నీరు దిగలేదు. సుంకమ్మ ఒక గదిలో కూతురికి పరుపు వేసింది, రెండో గదిలో నిప్పుల కుంపటి, కారప్పొడి, వేడినీళ్ల ఫ్లాస్కు సర్దింది. మనవరాలి అరికాళ్లు పట్టుకుని చూసేది. వెచ్చగా ఉండేవి. ఆ వెచ్చదనం కోసం ఆమె ఎవరితోనైనా కలబడేది.

అదే వారంలో దేవర జాతర వచ్చింది. గాలికి దేవర గుడి రేకులు లేచిపోయాయి. చుట్టుపక్కల హట్టీల వాళ్లంతా వస్తారు, దేవరను వానలో పెడితే పరువేం కాను? కరియన్న చూపు నిలువురాయికి అవతల పడింది. సుంకమ్మ సెనక్కాయ పీకే కూలికి పోయిన పూట చూసి, నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. సుంకమ్మ మొగుడు తిప్పేస్వామిని అడిగాడు. ఆ మనిషి దేవర మాట వినగానే చేతులు జోడించాడు. ఇంద్రాణి ఎంత మొత్తుకున్నా వినకుండా, బాలింతను బిడ్డతో సహా పాత గుడిసెలోకి పంపి, టెంటు విప్పుకుని పోయారు.

పొద్దువాలేవేళకు సుంకమ్మ చేతులకు మన్నుతో తిరిగొచ్చింది. టెంటు ఉన్న చోట మేకుల బొక్కలు, వాటినిండా నీళ్లు. పాత గుడిసెలో ఇంద్రాణి వంగి కూర్చుని, వీపుతో కారే నీళ్లు ఆపుతూ, బిడ్డను ఒళ్లో దాచుకుని ఉంది.

"నాయనే ఇచ్చినాడమ్మా" అంది ఏడుస్తూ.

సుంకమ్మ బిడ్డ అరికాళ్లు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి.

తొలి బిడ్డ కాళ్లు కూడా మొదట అట్లాగే చల్లబడ్డాయి. కట్టుకున్న చీర చెంగు పర్రున చించి బిడ్డకు చుట్టి, "రొమ్ముకు అదుముకో, ఇప్పుడే వస్తా" అని చెప్పి, నిలువురాయి దాటి గుడి వైపు నడిచింది.

గుడి ముందు టెంటు ఠీవిగా నిలబడి ఉంది. బంతిపూల దండలు, లోపల దీపం, దేవరను ఉంచిన పెట్టె. చుట్టూ జనం. కరియన్న కొత్త పంచెలో కూర్చున్నాడు. తిప్పేస్వామి ఓ మూల నిలబడి పెళ్లాన్ని చూసి తల దించుకున్నాడు.

"ఏమప్పా కరియన్నా! అది బాలింత పండుకున్న టెంటు. హట్టిలో ముట్టయినోళ్లందరూ పండుకున్న టెంటు. దాంట్లో మీ దేవరను ఎట్లా కూర్చోబెట్టినావు?"

జనం గుసగుసలాడారు. పక్క హట్టి పెద్దలు ముఖాలు చూసుకున్నారు. కరియన్న కంగారుగా లేచాడు.

"ఊరికే కూర్చోబెట్టలేదులేమ్మా. శుద్ధి చేసినాం."

"ఎట్లా చేసినావు? అందరికీ ఇనపడేటట్టు చెప్పు."

"పసుపునీళ్లు చల్లినాం, వేపాకు తిప్పినాం, టెంకాయ కొట్టినాం. మైల పాయ. ఇంగేం?"

"అంతేనా?"

"అంతే."

"ఎంతసేపు పట్ట్యా?"

"ఎంతసేపేముండాది, చిటికెలో అయిపాయ" అన్నాడు కరియన్న, గండం గడిచిందనుకుని.

సుంకమ్మ ఇంకో అడుగు ముందుకేసింది.

"చిటికెలో పోయే మైలకా నా కొడుకును చంపుకున్నా నేను?" అంది.

గుడ్డకు అంటిన మైల చిటికెలో పోతుంది, ఆ గుడ్డ మీద పడుకున్న ఆడదానికి మాత్రం నెల పడుతుంది. ఇన్నేళ్లుగా ఈ లెక్క చేసింది ఎవరు? సుంకమ్మ ముందుకు వంగి, దేవర ముందున్న పసుపునీళ్ల చెంబూ వేపమండా తీసుకుంది. టెంకాయ ఒకటి చంకన పెట్టుకుంది.

"ఏయ్, యాడికి ఎత్తుకపోతాండావు?" అని అరిచాడు కరియన్న.

"నా బిడ్డ మైల తీసేదానికి. నువ్వు చేసిందే చేస్తాండా. తప్పయితే చెప్పు, ముందు నీ దేవరను ఆ టెంట్లో నుంచి లేపు!"

కరియన్న పక్క హట్టి పెద్దల వైపు చూశాడు. తప్పంటే దేవర మైలపడ్డట్టు. తప్పు కాదంటే బాలింత లోపలికి వచ్చినట్టు. పక్కకు తప్పుకున్నాడు.

జనం వెంట వస్తుండగా సుంకమ్మ గుడిసె దగ్గరికి పోయింది. కూతురి మీద, మనవరాలి మీద పసుపునీళ్లు చిలకరించింది, వేపమండ తిప్పింది, టెంకాయను నిలువురాయికేసి కొట్టింది. బిడ్డను ఎత్తుకుని, రెండో చేత్తో కూతురి చెయ్యి పట్టుకుంది. దారికి అడ్డంగా తిప్పేస్వామి నిలబడి ఉన్నాడు.

"ఏమే... దేవరకు కోపమొస్తే?" అన్నాడు నీళ్లు నములుతూ.

"రానీ. నాకొచ్చినంత రాదులే. జరుగు!"

ఆయన జరిగాడు. ఇంద్రాణి కాళ్లు రాయి దగ్గర తడబడ్డాయి. నల్లమ్మ జనంలోంచి వచ్చి, వెనక నుంచి నడుం పట్టుకుని నడిపించింది.

"సుంకమ్మా, పొద్దున్నే గుడికి రేకులు వేయిస్తాం. నీ టెంటు నీకు తెచ్చిస్తాంలే" అని రాజీగా పిలిచాడు కరియన్న.

సుంకమ్మ తన గడప మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"నాకొద్దు. మా ఆడోళ్లు ఇంగ బయటుండరు. బయటుండేది నీ దేవరే, ఆయప్పకే ఉండనీ" అంది.

లోపలికి పోయి తలుపు మూసింది. పొయ్యి రాజేసి, మనవరాలి కాళ్లు మంటకు దగ్గరగా పెట్టి, వెచ్చబడేదాకా రుద్దుతూ కూర్చుంది.