కడిగిన పైపులో పాచి

మా ఊరి పాల కేంద్రం నుంచి వెళ్ళిన క్యాన్లు ఆ వారంలో రెండోసారి వెనక్కి వచ్చిన పొద్దున, మా అమ్మ బకెట్టు పట్టుకుని వరుసలో నిలబడి ఉంది. వెనకాల నేనున్నాను. అమ్మకి మోకాళ్ళ నొప్పి. అందుకని రెండో బకెట్టు నేను మోసుకొచ్చి, అక్కడ పోసేసి, అటునుంచే నేను పాఠాలు చెప్పే బడికి వెళ్ళేదాన్ని.

ఆటో అతను క్యాన్లు దింపి, "చిల్లింగ్ సెంటర్లో మరగబెట్టి చూసేరండి. విరిగిపోయేయంట. ఒద్దన్నారు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

కేంద్రం నడిపే ఆయన మూత తీసి వాసన చూశారు. అరవై దాటిన మనిషి. ఊళ్ళో ఆయన మాటకి విలువుంది. మూత మళ్ళీ పెట్టేసి వరుసంతా ఒకసారి కలియజూసి, మా పేట ఆడవాళ్ళ దగ్గర చూపు ఆపారు.

"రేపట్నుంచి మీ పేట పాలకి వేరే క్యాన్ పెడతాను. తొట్లో పొయ్యొద్దు. ఎవరి పాల వల్ల చెడుతున్నాయో అప్పుడు తేలిపోద్ది."

మా పేట అంటే కాలవకి అవతల, చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళు. మా తాతల కాలంలో అందరూ పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళే. ఇప్పుడు ఇంటికొక టీచరో నర్సో గుమాస్తానో ఉన్నారు. గేదెల్ని మాత్రం ఆడవాళ్ళు వదల్లేదు. మా అమ్మ చిన్నప్పుడు ఊడ్పులకి వెళ్ళింది. తర్వాత గేదెల్ని మేపి, పాలు పోసి, నా చేత బీఎస్సీ, బీఈడీ చదివించింది. నేనిప్పుడు కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను.

"అందరివీ ఒకే తొట్లో కదండి పోసేం. మాయే చెడిపోయేయని మీకెలా తెలిసింది?" అని అమ్మ అడిగింది.

"నాకు తెలీదేంటమ్మా? నువ్వు జరుగు, వెనకాల జనం ఉన్నారు" అన్నారాయన. నన్ను ఆయన 'టీచరుగారూ, మీరు' అంటారు. మా అమ్మని మాత్రం ఎప్పుడూ 'నువ్వు' అనే అంటారు. ఆమెకీ ఆయనకీ వయసులో పెద్ద తేడా లేదు.

"పాలు పోస్తే అందరితోపాటు తొట్లోనే పోస్తానండి. వేరే క్యాన్లో పొయ్యను" అని, అమ్మ నిండు బకెట్టుతో వెనక్కి తిరిగింది.

కాలవ వంతెన దాటుతుండగా నేనన్న మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "నాలుగు రోజులు అలాగే పోద్దువమ్మా. వాళ్ళకే తెలుస్తుంది. గొడవెందుకు?" అన్నాను.

అమ్మ బకెట్టు వంతెన గోడ మీద పెట్టింది. "నీకు టీ కొట్లో వేరే గ్లాసు ఎవరూ ఇవ్వలేదు. నాకిచ్చేరు. తాగి, నేనే కడిగి, చూరు కింద బోర్లించి వచ్చేదాన్ని. మళ్ళీ నా బతుకులో వేరే గిన్నె ముట్టుకోను" అంది. బకెట్టు మళ్ళీ ఎత్తుకుని నడిచింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పాలు కాగుతూనే ఉన్నాయి. పెరుగు, మజ్జిగ, నెయ్యి. ఇరుగుపొరుగుకి పంచగా మిగిలింది అమ్మ చిలుకుతూ కూర్చునేది. పేటలో పాలు పోసే ఇళ్ళు పద్నాలుగు. పది ఇళ్ళు అమ్మతోపాటు ఆగిపోయాయి. నలుగురికి మాత్రం ఆగే వీలు లేకపోయింది. వాళ్ళు వెళ్ళి ఆ వేరే క్యాన్లో పోశారు. అమ్మ వాళ్ళని ఒక్క మాట అనలేదు.

ఐదో రోజు పొద్దున తొట్టి పాల క్యాన్లు మళ్ళీ తిరిగొచ్చాయి. పేట క్యాన్ మాత్రం రాలేదు. ఆ పాలు బాగున్నాయని తీసుకున్నారు. ఈ సంగతి ఆ నలుగురిలో ఒకావిడ పరుగున వచ్చి చెప్పింది.

"మరి ఆయనేమన్నారు?" అని అడిగాను.

"ఎండలకి అలా అవుతాదిలే అన్నారండి."

నాకు అప్పుడు కోపం వచ్చింది. నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన కోపం. మా పాలు కలవకుండానే తొట్టి పాలు చెడ్డాయంటే, ఆ తొట్టికీ ఆ క్యాన్లకీ మధ్య ఏదో ఉంది. కేంద్రంలో పాలన్నీ వడగట్టి ఒక స్టీలు తొట్లో పోస్తారు. తొట్టి అడుగున కుళాయి, కుళాయికి ప్లాస్టిక్ పైపు. ఆ పైపులోంచి క్యాన్లలోకి వదులుతారు. వేరే క్యాన్లో పాలు మాత్రం బకెట్టుతో నేరుగా పోస్తున్నారు.

మా స్కూలు ల్యాబులో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు సీసా ఉంటుంది. బుగ్గ లోపలి కణాలకి ఆ రంగు వేసి మైక్రోస్కోపులో పిల్లలకి చూపిస్తాం. అదే రంగు పాలల్లో కలిపి గోరువెచ్చని నీళ్ళలో నిలబెడితే, పాలల్లో బాక్టీరియా ఎంత ఎక్కువుంటే నీలం అంత తొందరగా పోయి పాలు తెల్లబడతాయి. డిగ్రీలో చేసిన ప్రయోగమే. శనివారం పొద్దున పేటలో పద్నాలుగు ఇళ్ళ నుంచీ తలా కాసిని పాలు చిన్న సీసాల్లో పట్టాను. కేంద్రానికి వెళ్ళి తొట్లోంచి ఒక గిద్దెడు, పైపు చివర నుంచి ఒక గిద్దెడు కొనుక్కున్నాను. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనం మానేసి ల్యాబులో కూర్చున్నాను. నీళ్ళు చల్లారినప్పుడల్లా వేణ్ణీళ్ళు కలుపుతూ, గడియారం చూస్తూ. పైపు చివర పట్టిన పాలు అరగంట కాకుండానే తెల్లబడిపోయాయి. అదే తొట్లోంచి ముంచినవి బడి వదిలే వేళకి కూడా నీలంగానే ఉన్నాయి. మా పేట సీసాలు పదమూడూ అలాగే నిలబడ్డాయి.

పద్నాలుగోది గంటలోపే పాలిపోయింది. దాని మీద అంటించిన చీటీ చూశాను. మా ఇంటిది.

ఇంటికి వెళ్ళేటప్పుడు, ఆ ఒక్కటి చెప్పకపోతే ఏం అనుకున్నాను. పైపు సంగతి రుజువైంది కదా, చాలు కదా అనుకున్నాను. కానీ అమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది. నా మొహం చూసి, "మనవేనా?" అంది. అవునన్నాను. లేచి వెళ్ళి గేదెల పొదుగులు ఒకసారి తడిమి చూసింది. తర్వాత, "పశువుల డాక్టరుగారికి ఫోన్ చెయ్యి" అంది.

డాక్టరుగారు చిన్న వయసావిడ. మర్నాడు చర్చి అయ్యాక వచ్చారు. నాలుగు గుంటలున్న ఒక తెల్లటి పళ్ళెంలో, పెద్ద గేదె నాలుగు చన్నుల పాలూ విడివిడిగా పిండి, ఒక మందు నీళ్ళు కలిపి తిప్పారు. మూడు గుంటల్లో పాలు పాలలాగే ఉన్నాయి. నాలుగో దాంట్లో కోడిగుడ్డు తెల్లసొనలా సాగాయి.

"పొదుగువాపు జబ్బండి. పైకి కనపడదు. వాపుండదు, నొప్పుండదు, మేత మానదు. కానీ లోపలుంది" అన్నారు.

"పోయినేడు మందు వేయించేనండి. తగ్గిపోయింది కదా?" అంది అమ్మ.

"తగ్గినట్టు ఉంటదమ్మా. ఈ క్రిములు విడివిడిగా తిరగవు. ఒకదాన్నొకటి పట్టుకుని, చుట్టూ జిగురు కక్కుకుని, లోపల గోడకి అతుక్కుని ఉండిపోతాయి. మందు పైపైన తగులుతుంది, అడుగుకి దిగదు. కొన్నాళ్ళకి మళ్ళీ లేస్తాయి."

"అంటే పాచి" అంది అమ్మ.

డాక్టరుగారు నవ్వారు. "ఆయ్, పాచేనండి. మేం బయోఫిల్మ్ అంటాం."

మేం పాఠాల్లో చెప్పే మాట కూడా అదే. ఇన్నేళ్ళు చెబుతున్నా నాకు ఈ మాట తట్టలేదు. రేవు మెట్ల మీద కాలు జారేలా చేసేదీ, పొద్దున్న లేవగానే పళ్ళ మీద ఉండేదీ పాచే. చెడిపోయిన అన్నాన్ని పాచిపోయింది అంటాం.

ఆ చన్ను చివర్న పిండి ఆ పాలు పారబొయ్యమనీ, పిండిన ప్రతిసారీ చేతులు కడుక్కోమనీ, గేదె వట్టిపోయాక గట్టి మందు పెడతాననీ డాక్టరుగారు చెప్పారు. పక్కింటావిడ గోడ మీంచి, "ఎందుకొచ్చిన బాధ, అమ్మేసెయ్యరాదా?" అంది. "రోగం సంగతి చెప్తే ఎవరూ కొనరు. చెప్పకపోతే ఇంకోళ్ళ ఇంటికి పంపినట్టు. అమ్మను" అంది అమ్మ.

డాక్టరుగారు వెళ్ళాక నా వైపు తిరిగింది. "ఆ పైపులో ఉన్నది కూడా పాచేనంటావా?"

"అయ్యుంటుందమ్మా. విప్పి చూస్తే తెలుస్తుంది. చిల్లింగ్ సెంటర్లో సూపర్‌వైజరుకి కాగితం రాసిస్తాను."

"కాగితం ఎందుకు? అందరి ముందూ అన్నారు. అందరి ముందే చూద్దాం."

సోమవారం పొద్దున ఖాళీ చేతులతో కేంద్రానికి వెళ్ళాం. వరుస అప్పటికే పెద్దగా ఉంది. అమ్మ వరుసలో నిలబడకుండా నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళింది. ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు.

"ముందు నా సంగతి చెప్తానండి. మా పెద్ద గేదెకి ఒక చన్నులో రోగం ఉంది. నాకు తెలీదు. నిన్ననే డాక్టరుగారు తేల్చేరు. ఇన్నాళ్ళూ ఆ పాలు మీ అందరి పాలల్లో కలిసేయి. ఇంక కలవవు. ఆ చన్ను పాలు పారబోస్తన్నాను."

వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. కేంద్రం ఆయన పాలల్లో వెన్న కొలిచే ఫ్యాట్ మిషన్ దగ్గర నుంచి లేచారు. "విన్నారా? నేనన్నదీ అదే కదా?"

"నా మాట అవ్వలేదండి. వారం నుంచి నేను ఇక్కడ చుక్క పొయ్యలేదు. అయినా మీ క్యాన్లు తిరిగొచ్చేయి. మా వాళ్ళు వేరే క్యాన్లో పోసినవి రాలేదు. ఒకసారి ఆ పైపు విప్పండి."

"పైపా? రోజూ సర్ఫు వేసి, వేణ్ణీళ్ళతో, నా చేతులతో నేనే కడుగుతాను. అబద్ధమైతే అడుగు ఎవర్నైనా."

ఆయన చెప్పింది నిజమే. కడగడం నేను చాలాసార్లు చూశాను. పైపు బయటికి తళతళలాడుతూనే ఉంటుంది.

అమ్మ వంగి, కుళాయి నుంచి పైపు తనే లాగేసింది. చిటికెన వేలు లోపలికి పెట్టి గోరుతో గీకి, బయటికి తీసి చూపించింది. వేలి మీద పసుపు పచ్చటి జిగురు. మీగడ కాదు. దగ్గరున్నవాళ్ళకి వాసన తగిలి మొహం తిప్పుకున్నారు.

"కడిగేరండి. తోమలేదు" అంది.

వరుసలోంచి ఒక రైతు, మా పేట ఆయన కాదు, ఊళ్ళో ఆయనే, సైకిలుకి ఉన్న గడ్డి కొడవలి తీసి, "ఇలా ఇవ్వండి" అని పైపుని నిలువునా చీల్చేశాడు. లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా అదే పొర. నీళ్ళు పోస్తే దాని మీంచి జారిపోయాయి. అక్కడే నేను నోరు విప్పాను. ల్యాబులో చూసింది చెప్పాను. పాలు ఆ పొర మీంచి వెళ్ళేటప్పుడు అందులోంచి క్రిములు ఊడి పాలల్లో పడతాయనీ, సబ్బునీళ్ళు వదిలితే చాలదనీ, బ్రష్షు దూర్చి రుద్దాలనీ, అప్పుడప్పుడూ పైపే మార్చెయ్యాలనీ చెప్పాను.

కేంద్రం ఆయన ఆ చీల్చిన పైపు వైపే చూస్తూ నిలబడ్డారు. ఆయన మొహం చూస్తే నాకు జాలి వేసింది. నిజంగానే ఆయనకి తెలియదు. "సరే. కొత్త పైపు తెప్పిస్తాను. రేపట్నుంచి అందరూ తొట్లోనే పొయ్యండి" అన్నారు.

"అది కాదండి. నా తప్పు నేను చెప్పేను. మీది మీరు చెప్పండి. పేట పాల వల్ల కాదని చెప్పండి."

ఆయన వినపడనట్టే వెళ్ళి మిషన్ ముందు కూర్చున్నారు. మేము వచ్చేశాం.

కొత్త పైపు వచ్చింది. క్యాన్లు తిరిగి రావడం ఆగిపోయింది. వేరే క్యాన్ తీసేశారు. పేటలో ఒకరిద్దరు "ఇంక పోద్దామా?" అని అమ్మని అడిగారు. "మీ ఇష్టం. నేను మాత్రం ఆ మాట వినేదాకా వెళ్ళను" అంది. వాళ్ళూ వెళ్ళలేదు. నేను కూడా ఈసారి పోద్దువు అనలేదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆయనే మా ఇంటికి వచ్చారు. మా పేటలోకి ఆయన రావడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కుర్చీ వేసి, మేం తాగే గ్లాసులోనే మజ్జిగ ఇచ్చింది. తాగారు. గ్లాసు కింద పెట్టి, "పొరపాటైందమ్మా. ఏదో అనేసేను. రేపట్నుంచి రా" అన్నారు.

"మీరొచ్చినందుకు సంతోషమండి. కానీ ఇక్కడ చెప్తే నాకొక్కదానికే తెలుస్తాది. అక్కడ చెప్పండి" అంది అమ్మ.

ఆయన లేచి వెళ్ళిపోయారు. ఇంక రారనుకున్నాను. ఇంక మన పాలు నెయ్యే అనుకున్నాను.

మూడు రోజుల తర్వాత కబురొస్తే వెళ్ళాం. వరుసంతా ఉండగా ఆయన లాక్టోమీటరు తుడుస్తూ, తల ఎత్తకుండా, "పాలు చెడింది మా పైపు వల్లేనండి. పేట పాల వల్ల కాదు" అన్నారు. గట్టిగానే అన్నారు. అందరికీ వినపడింది.

"ఆయ్" అని అమ్మ బకెట్టు ఎత్తి తొట్లో పోసింది.

గేదె వట్టిపోయినప్పుడు డాక్టరుగారు మందు పెట్టారు. ఈనాక మూడు చన్నులు బాగున్నాయి. నాలుగోది పెద్దగా ఇవ్వదు. అమ్మ దాన్ని అమ్మలేదు. కేంద్రంలో ఇప్పుడు పొడుగాటి బ్రష్షు ఒకటి మేకుకి వేలాడుతూ ఉంటుంది. అమ్మ పాలు పోసే ముందు రోజూ పైపు చివర వేలు పెట్టి చూస్తుంది. మొన్న వరుసలో ఎవరో, "మీరేమన్నా ఇన్‌స్పెక్టరాండి, రోజూ చూస్తారు?" అని ఎగతాళి చేశారు.

"నా పాలు ఇందులోంచే పోతున్నాయండి" అని, అమ్మ తాపీగా వేలు తుడుచుకుంది.